మా పిన్నికి మైనస్ మూడు వచ్చిన వేసవి

ఇది ఒక మహాగాథ. ఇందులో సొంత ఊరు విడిచి వచ్చిన యువతి ఉంది. ఆమె దారికి అడ్డంగా పడ్డ ఇనుప గేటు ఉంది. గురువు ఉన్నాడు, మండుటెండలో కాలినడక ప్రయాణాలున్నాయి, ఎంత వెతికినా ముఖం చూపించని శత్రువు ఉన్నాడు. ఆ శత్రువు పేరు మాత్రం ఊరందరికీ తెలుసు. ఎక్స్.

అంత లేదు. మా పిన్ని టెన్త్ లెక్కల్లో ఫెయిలయింది. సప్లిమెంటరీకి చదువుకోవడానికి తణుకు నుంచి మా ఇంటికి వచ్చింది. కాలినడక ప్రయాణాలంటే లాలాగూడ రైల్వే క్వార్టర్స్ నుంచి మారేడ్‌పల్లిలో ట్యూషన్‌కి. చెప్పులు కూడా ఉన్నాయి.

పిన్ని అమ్మమ్మకి ఆఖరి సంతానం, అంటే నాకంటే నాలుగేళ్లే పెద్దది. అలాంటి మనిషిని పిన్ని అని పిలవడానికి నాకు నోరు వచ్చేది కాదు, పిలవకపోతే అమ్మ ఊరుకునేది కాదు. తాతయ్యకి తణుకులో టైలర్ షాపు. స్కూలు లేనప్పుడల్లా పిన్ని అక్కడ స్టూలు మీద కూర్చుని చొక్కాలకి కాజాలు కుట్టేది. టెన్త్ పోతే ఇక రోజంతా అదే పని. పాసైతే సికింద్రాబాద్‌లో ఒక మిషన్ ఆసుపత్రి నర్సింగ్ స్కూల్లో చేరొచ్చు. ఆ ఆసుపత్రి మేట్రన్ మా చర్చి సంఘంలో మనిషే. "మెమో పట్టుకుని రమ్మను, మిగతాది నేను చూసుకుంటాను" అని అమ్మతో మాటిచ్చారు.

కాజాలు కుట్టడం తక్కువ పనేమీ కాదు. కాజాల్లేని చొక్కాకి గుండీలుండి ఏం లాభం. కానీ కాజా కుట్టాలంటే కదలకుండా కూర్చోవాలి. మా పిన్ని ఒకచోట కూర్చోలేదు. నర్సు ఎందుకవ్వాలనుకుంటున్నావని నేనడిగితే సేవ, ప్రేమ, తెల్ల దుస్తులు లాంటివేవో చెబుతుందని సిద్ధపడ్డాను.

"నర్సులు రోజంతా నడుస్తూనే ఉంటారే" అంది.

మా క్వార్టర్‌లో రెండు గదులు, ఒక వంటగది. వీధి తలుపు దగ్గర బయల్దేరి గ్యాస్ బండ దాకా వెళ్లి వెనక్కి తిరగడం పిన్ని చదువు పద్ధతి. పుస్తకం చేతిలో, పెన్సిలు జడలో. ఆ దారికి అడ్డంగా మా నాన్న కాళ్లుండేవి. నాన్న రైల్వే వర్క్‌షాప్‌లో ఫిట్టరు. డ్యూటీ నుంచి వచ్చాక కాళ్లు బార్లా చాపుకోవడం ఆయనకి డాక్టరు చెప్పిన వైద్యం, కనీసం చెప్పాడని ఆయన అనేవాడు.

"కూర్చుని చదవచ్చు కదమ్మా."

"కూర్చుంటే బుర్ర ఆగిపోద్ది బావగారూ."

"నువ్వు తిరుగుతుంటే నాది ఆగిపోతోంది."

ఫ్యాను తిరిగేది, కరెంటు పోతే ఆగేది. పిన్నికి ఆ సౌకర్యం లేదు. ఆమెని చూసి చూసి ఇంట్లో అందరికీ అదే అంటుకుంది. అమ్మ కూర సగం తరిగి గుమ్మంలోకి వచ్చి నిలబడేది, ఎందుకొచ్చిందో మర్చిపోయి లోపలికి వెళ్లేది. నాన్న బొటనవేలు దానంతట అదే ఊగేది. నేను కూర్చుని కాళ్లు ఆడించేదాన్ని, "ఆ కాళ్లాపు" అని అమ్మ నా మీద అరిచేది. నడిచే మనిషిని వదిలేసి కూర్చున్న మనిషిని ఆపమనడంలో న్యాయం ఏమిటో నాకు ఇప్పటికీ తెలీదు.

సాయంత్రం కుటుంబ ప్రార్థనలో ఎవరి ప్రార్థన అంశం వాళ్లు చెప్పుకోవడం మా ఇంట్లో అలవాటు. నాన్న నడుం, తాతయ్య కళ్లు, పిన్ని లెక్కలు. నా అంశం సెలవులు. ఎందుకంటే పిన్నికి తోడు అనే పేరుతో నన్ను కూడా ట్యూషన్‌లో పడేశారు. ఎనిమిదో క్లాసులో బీజగణితం మొదలవుతుంది కదా, ముందే చెవిన పడితే మంచిదని అమ్మ ఉద్దేశం. నా ఉద్దేశం ఎవరూ అడగలేదు.

బీజగణితం మొదట మా ఇంట్లో చెప్పింది మాత్రం నాన్నే. అన్నం తింటూ, పళ్లెం మధ్యలో మునక్కాడ ముక్క నిలువుగా పెట్టి చెప్పాడు.

మా కాలనీ నుంచి మారేడ్‌పల్లి వైపు వెళ్లాలంటే రైలు గేటు దాటాలి. గేటు పడిందంటే పడినట్టే. రైలు వెళ్లిపోయింది, ఇక లేస్తుందనుకుంటాం. అప్పుడు ఇంకో దిక్కు నుంచి ఒట్టి ఇంజను ఒకటి, పెట్టెల్లేకుండా, వాకింగుకి వచ్చినట్టు నెమ్మదిగా వస్తుంది. మా కాలనీలో ఆలస్యానికీ కోపానికీ సగం కారణం ఆ గేటే. అందుకని నాన్నకి సమానం గుర్తు కూడా అలాగే కనిపించింది.

"ఈ మునక్కాడ మన గేటు అనుకో. అంటే సమానం గుర్తు. ఇటున్నవాడు అటెళ్లాలంటే గేటు దాటాలి. దాటాడంటే వాడి గుర్తు మారిపోద్ది. ప్లస్సు మైనస్సవుతాడు, మైనస్సు ప్లస్సవుతాడు. లెక్కలంటే ఇంతే."

"ఎందుకు మారతాడు నాన్నా?"

"గేటు దాటాడుగా."

"మనం రోజూ దాటుతున్నాం. మనకేం మారలేదే."

"నువ్వు తిను."

పిన్నికి ఆ మునక్కాడ బ్రహ్మాండంగా ఎక్కింది. ఎక్స్‌కి ఐదు కలిపితే పన్నెండు అని ఇస్తే, ఐదుని గేటు దాటించి, మైనస్ చేసి, పన్నెండులోంచి తీసి, ఏడు అని గ్యాస్ బండ దగ్గరికి చేరేలోపే చెప్పేసేది. అసలు గేటు దగ్గర కూడా ఇదే గోల. గేటు లేచి మేం అవతలికి వెళ్లగానే "ఇప్పుడు మనం మైనస్" అనేది. తిరిగొచ్చేటప్పుడు "ప్లస్" అనేది. ఎండకి మాడి ప్లస్‌గా ఇంటికొచ్చేవాళ్లం.

ట్యూషన్ చెప్పే సారు ప్రభుత్వ హైస్కూల్లో లెక్కల మాస్టరు. తాతల కాలం నుంచి వాళ్లు ఇక్కడివాళ్లే. వేసవిలో వాళ్లింటి వరండాలో చెప్పేవాడు. వరండాలో సగం మాది, సగం మామిడికాయ ముక్కలది. తొక్కు పెట్టే రోజులు కాబట్టి వాళ్లావిడ నులక మంచం మీద బట్ట పరిచి ముక్కలు ఆరబెట్టి, కాకుల సంగతి మాకప్పజెప్పి లోపలికి వెళ్లిపోయేది. పిన్ని సారుని "మాస్టారండీ" అని పిలిచేది. ఈ ఊళ్లో ఆయన్ని అలా పిలిచినవాళ్లు లేరనుకుంటాను, మొదటి రోజే కొంచెం మెత్తబడ్డాడు. మంచానికీ బోర్డుకీ మధ్య తిరుగుతూ లెక్క చేస్తానంటే సరేనన్నాడు.

గేటు సిద్ధాంతం వరండాలో కొన్నాళ్లు బాగానే నడిచింది. తర్వాత ఒకరోజు సారు బోర్డు మీద, మూడు ఎక్స్ సమానం పన్నెండు అని రాశాడు.

"తొమ్మిదండి" అంది పిన్ని మంచం దగ్గర్నుంచే.

"తొమ్మిదా? ఎట్లొచ్చింది?"

"మూడు గేటు దాటిందండి. మైనస్ మూడయింది. పన్నెండులో మూడు తీస్తే తొమ్మిదండి."

"ఏం గేటమ్మా?"

పిన్ని మొత్తం చెప్పింది, మునక్కాడతో సహా. సారు కళ్లు మూసుకుని విన్నాడు. నేను మామిడి ముక్కల వైపు చూశాను, ఒక కాకి నావైపు చూసింది.

"ఎవరు జెప్పిన్రు నీకు గిది?"

"మా బావగారండి. వర్క్‌షాప్‌లో ఫిట్టరండి."

"మంచిగనే జెప్పిండు. గని జెర పెట్టి చూడు."

"ఏం పెట్టాలండి?"

"నీ తొమ్మిదిని తీస్కపొయి ఎక్స్ ఉన్న జాగల పెట్టు. మూడు తొమ్మిదులెంత?"

"ఇరవై ఏడండి."

"అవుతల ఏమున్నది?"

"పన్నెండండి."

"రెండూ ఒకటేనా?"

పిన్ని నడక ఆగింది. "కాదండి."

సారు లోపలికి కేకేసి మూడు గిన్నెల టిఫిన్ క్యారియర్ తెప్పించాడు. "గీ మూడు గిన్నెలల్ల సమానంగ ఇడ్లీలు పెట్టిన్రనుకో. మొత్తం పన్నెండు. ఒక్కో గిన్నెల ఎన్ని?"

"నాలుగండి." అడగడం పూర్తి కాకముందే చెప్పింది.

"మరి ఎక్స్ తొమ్మిదంటివి?"

"అది లెక్కండి మాస్టారూ. ఇవి ఇడ్లీలు కదండీ."

సారు క్యారియర్‌కి మూత పెట్టేశాడు. లోపల నిజంగా ఇడ్లీలున్నాయేమోనని నాకు అప్పటిదాకా చిన్న ఆశ ఉండేది.

"పరేషాన్ గాకు" అన్నాడు. "అసలు దాటుడే లేదమ్మా. ఎవ్వరు ఎటూ పోరు. ఎక్స్‌కి ఐదు కలిసి ఉన్నదా, రెండు దిక్కుల ఐదు తీసెయ్. ఎక్స్ మూడింతలయి ఉన్నదా, రెండు దిక్కుల మూడుతోని భాగించు. ఇటు ఏం జేస్తే అటు గదే జెయ్. అయినంక వచ్చిన జవాబును పెట్టి చూడు. గంతే. నేను ఇన్నేండ్ల సంది చెప్తున్నది గీ రెండు ముక్కలే."

నిజంగా అంతే. ఎనిమిదో క్లాసులో మాకు ఇదే సంగతి ఏడాది పొడుగునా చెప్పారు, మధ్యలో యూనిట్ టెస్టులు పెట్టి మరీ.

గేటు ఓడిపోయిందన్న వార్తని ఆ సాయంత్రం నాన్న మౌనంగా స్వీకరించాడు, అంటే అరగంటే మాట్లాడాడు. "ఎవరూ దాటరా? మరి మొన్న ఐదు దాటి ఏడొచ్చిందిగా? అప్పుడేమైంది మీ సారుకి?" రెండు వైపులా ఐదు తీస్తే చూడ్డానికి దాటినట్టే ఉంటుందని పిన్ని చెప్పబోయింది. నాన్న కాళ్లు దగ్గరికి లాక్కుని ఆమెకి దారిచ్చాడు. ఆయన ఓటమి ఒప్పుకోవడం అలాగే ఉంటుంది.

రెండు వైపులా ఒకే పని చేయడం పిన్నికి తొందరగానే వచ్చింది. పెట్టి చూడడం దగ్గరే ఆమె కుదురులేనితనం బయటపడేది. జవాబు వచ్చేశాక మళ్లీ వెనక్కెళ్లి దాన్నే పరీక్షించడం ఆమెకి ఒంటిమీద చీమలు పాకినట్టుండేది. "వచ్చింది కదండీ, మళ్లీ ఎందుకండీ" అని తర్వాతి లెక్కలోకి దూకేది. చివరికి సారు ఒక శిక్ష కనిపెట్టాడు. పెట్టి చూడకుండా జవాబు చెబితే మంచం మీద మామిడి ముక్కలన్నీ ఒక్కొక్కటే తిరగేయాలి. ఆ వేసవి వాళ్లింటి తొక్కు ఏడాది దాకా చెడిపోలేదని వాళ్లావిడ తర్వాత చెప్పింది. అంత బాగా ఆరాయన్నమాట ముక్కలు.

తర్వాత వయసుల లెక్కలొచ్చాయి. తండ్రి వయసు ఇంత, కొడుకు వయసు ఇందులో ఇన్నో వంతు అని అడిగేవి. ఏ ఇంట్లోనూ ఎవరూ అలా చెప్పుకోరు. మా నాన్న వయసు నా వయసుకి ఎన్ని రెట్లో తెలుసుకోవాలని మా ఇంట్లో ఎవరికీ ఎప్పుడూ అనిపించలేదు. ఈ లెక్కల్లో పిన్నికి పాత గేటు అలవాటు మధ్యమధ్యలో తిరగబెట్టేది. దాటని అంకెకి కూడా గుర్తు మార్చేసేది. ఒకసారి కొడుకు వయసు మైనస్ నాలుగు వచ్చింది.

"అంటే ఇంక పుట్టలేదన్నట్టు" అన్నాడు సారు. "పుట్టినంక రమ్మను."

అప్పట్నుంచి పిన్ని మనసులో ఒక సొంత సూత్రం పడిపోయింది. మైనస్ వచ్చిందంటే ఎక్కడో తప్పు చేశాం. ఆ వరండాలో చేసినంతకాలం అది నిజమే అయింది కూడా. నాకూ అదే సూత్రం నచ్చింది, ఎందుకంటే పెట్టి చూడక్కర్లేదు.

జూన్‌లో పరీక్షలు రాయడానికి పిన్ని తణుకు వెళ్లింది. టెన్త్ ఎక్కడ చదివితే సప్లిమెంటరీ ఆ వైపే రాయాలి. ఆమె రైలెక్కిన సాయంత్రం ప్రార్థనలో అమ్మ మొక్కులాంటిది ఒకటి మొక్కింది. చెల్లెలు పాసైతే ఆదివారం ఆరాధనలో సంఘం ముందు నిలబడి సాక్ష్యం చెబుతానని. మా సంఘంలో మేలు జరిగినవాళ్లు ముందుకొచ్చి ఆ మేలేంటో చెప్పడం రివాజు. మామూలుగా మేలు జరిగాక తయారవుతారు. అమ్మ ఆ రోజే మొదలుపెట్టింది. గిన్నెలు తోముతూ "ప్రియులారా" అని ఆగేది, మళ్లీ తోమేది.

మాకు ఫోన్ లేదు. పక్క క్వార్టర్ ఆంటీ వాళ్ల నంబరే మా పీపీ నంబరు. ఫోన్ వాళ్లింట్లో ఉంటుంది, కంగారు మా ఇంట్లో ఉంటుంది. లెక్కల పరీక్ష అయిన మధ్యాహ్నం ఆంటీ గుమ్మంలోకి వచ్చింది.

"అక్కా, మీ చెల్లె ఫోన్ జేసింది. ఎస్టీడీ బూత్ నుంచంట, గబగబ చెప్పి పెట్టేసింది. మైనస్ మూడొచ్చిందని చెప్పమన్నది."

"మైనస్ మూడా?" అంది అమ్మ. "లెక్కల్లోనా?"

"లెక్కల్లనే."

అమ్మ గడప మీద కూలబడింది. ఆంటీ వచ్చి పక్కన కూర్చుని వీపు నిమిరింది. నాన్న డ్యూటీలో ఉన్నాడు కాబట్టి ఆయన వంతు దుఃఖం కూడా అమ్మే పడుతోంది. సున్నా కంటే తక్కువ మార్కులు కూడా వేస్తారా, వేసేంత పాపం అది ఏం రాసి ఉంటుంది, అని అమ్మ ఆంటీని అడుగుతోంది. గవర్నమెంటు ఏమైనా చేస్తదని ఆంటీ అంటోంది.

"అమ్మా, పరీక్ష ఇవాళే కదా అయింది. పేపరు దిద్దకుండా మార్కులెలా వస్తాయి?" అన్నాను.

అమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుని, "అవును కదా" అని బియ్యం కడగడానికి లోపలికెళ్లింది. ఆంటీ కొంచెం నిరాశగా వాళ్లింటికెళ్లింది.

ఆ మైనస్ మూడు సంగతి పిన్ని తిరిగొచ్చాక తెలిసింది. సంచీ కింద పెట్టకముందే మొదలుపెట్టింది. తండ్రికి ముప్ఫై ఆరేళ్లు, కొడుక్కి పద్నాలుగు. ఎన్నేళ్లకి తండ్రి వయసు కొడుకు వయసుకి మూడు రెట్లవుతుంది? నాలుగు మార్కులు. తనకి వచ్చిన ప్రశ్నలన్నీ రాసి, బిట్ పేపర్ కూడా ఊహించి లెక్కేసుకుంటే పాసుకి అటో ఇటో అన్నట్టుందట. ఈ నాలుగూ కావాలి.

"ఎక్స్ ఏళ్లనుకున్నాను. తండ్రి ముప్ఫై ఆరు ప్లస్ ఎక్స్, కొడుకు పద్నాలుగు ప్లస్ ఎక్స్. దానికి మూడింతలు చేశాను. అంతా సారు చెప్పినట్టే చేశాను బావగారూ, ఎవర్నీ గేటు దాటించలేదు. చివరికి ఎక్స్ మైనస్ మూడొచ్చింది."

"మైనస్ వస్తే తప్పే కదా" అన్నాను.

"నేనూ అదే అనుకున్నానే. కొట్టేసి మళ్లీ చేశాను. మళ్లీ మైనస్ మూడు. పోనీ ప్లస్ మూడు రాసేద్దామని చెయ్యి పోయింది. నాకు కాళ్లాగలేదు. లేచి నిలబడిపోయాను. ఇన్విజిలేటరు కూర్చోమ్మా అన్నారు."

"రాసేశావా?" అన్నాడు నాన్న.

"పెట్టి చూశాను."

అమ్మ గరిటె పట్టుకుని గుమ్మంలోకి వచ్చేసింది. కరెంటు పోయింది కూడా.

"ప్లస్ మూడు పెడితే తండ్రికి ముప్ఫై తొమ్మిది, కొడుక్కి పదిహేడు. మూడు పదిహేడులు యాభై ఒకటి. పడలేదు. మైనస్ మూడు పెట్టాను. తండ్రికి ముప్ఫై మూడు, కొడుక్కి పదకొండు. మూడు పదకొండులు ముప్ఫై మూడు. పడింది. అంటే అది అయిపోయిన సంగతి. మూడేళ్ల క్రితమే అయిపోయింది. అదే రాశాను."

నాన్న బొటనవేలు ఊగడం మొదలైంది. "ఎన్నేళ్లకి అని కదా అడిగారు. అంటే ముందుకెళ్లమని. నువ్వు వెనక్కెళ్లావు."

"నేను వెళ్లలేదు బావగారూ. లెక్కే వెళ్లింది."

"ప్రశ్న వేసినవాడికి ముందే అయిపోయిందని తెలీదా? తెలిస్తే ఎందుకడుగుతాడు?"

అమ్మ ఆ తండ్రీకొడుకుల్ని తిట్టింది. మర్నాడు పొద్దున్నే సారు దగ్గరికి పరిగెత్తాం. వరండా గేటుకి తాళం. వాళ్లావిడ పుట్టింట్లో పెళ్లని కరీంనగర్ వెళ్లారట. నులక మంచం గోడకి నిలబెట్టి ఉంది. కాకులు కూడా లేవు.

ఆ తర్వాతి రోజులు మా ఇంట్లో ఎవరూ ఒకచోట నిలవలేదు. నాకు స్కూలు తెరిచారు, నేను అదృష్టవంతురాలిని. పిన్ని వీధి తలుపుకీ గ్యాస్ బండకీ మధ్య తిరుగుతూ "ముప్ఫై మూడు, పదకొండు" అనేది. పడేది. అయినా తిరిగి వచ్చేటప్పుడు ఇంకోసారి పెట్టి చూసేది. ఒకప్పుడు ఒక్కసారి చూడమంటే చూడని మనిషి. నాన్న వర్క్‌షాప్‌లో అడిగొచ్చాడు, సగం మంది ఒప్పన్నారు, సగం మంది కాలం వెనక్కి పోదన్నారు. వాళ్లు రోజంతా పెట్టెల్ని వెనక్కీ ముందుకీ నెట్టేవాళ్లే. అమ్మ ఆదివారం పాస్టరుగారిని అడిగింది. కాలమంతా దేవుడి చేతిలో ఉందన్నారాయన. మార్కుల గురించి ఏమీ అనలేదు.

సారు వచ్చాడని తెలియగానే మళ్లీ వెళ్లాం. గేటు పడి ఉంది. మామూలుగానే రైలొకటి వెళ్లింది, ఒట్టి ఇంజనొకటి వచ్చింది. పిన్ని గేటు ఊచ పట్టుకుని మడమలెత్తుతూ దించుతూ నిలబడింది. లేచాక ప్లస్, మైనస్ ఏమీ అనలేదు. దాదాపు పరిగెత్తింది.

సారు లుంగీ మీద, భుజాన తువ్వాలుతో వరండా కడుగుతున్నాడు. పిన్ని ప్రశ్న మొత్తం నిలబడే ఒక్క ఊపిరిలో చెప్పింది. మైనస్ మూడు దగ్గరికి రాగానే గొంతు తగ్గింది.

"పెట్టి చూసినవా?" అన్నాడు సారు.

"చూశానండి."

"సరిపొయిందా?"

"సరిపోయిందండి."

"మరి నన్నెందుకు అడుగుతున్నవమ్మా?"

పిన్ని వరండా మెట్టు మీద కూర్చుంది. కూర్చునే ఉంది. బకెట్టు నీళ్లు పక్కనుంచి పారుతున్నా లేవలేదు. అంతసేపు ఆమె ఒకచోట కదలకుండా ఉండడం నేనెప్పుడూ చూడలేదు, ఏదో పెద్ద మార్పే వచ్చిందనుకున్నాను. తర్వాత తెలిసింది, పరుగులో చెప్పు తెగిందట.

రిజల్ట్స్ రోజు మారేడ్‌పల్లి ఇంటర్నెట్ సెంటర్ ముందు పెళ్లివారిలా జనం. సెంటర్ అబ్బాయి హాల్ టికెట్ నంబర్లు వరసగా కొడుతున్నాడు, పేజీ తెరుచుకోవడం లేదు. పిన్ని లోపలికొస్తోంది, బయటికెళ్తోంది. "అమ్మా, మీరు గట్ల తిరిగితే నెట్ ఇంక స్లో అయితది" అన్నాడా అబ్బాయి. చివరికి తెరుచుకుంది. లెక్కలు, ముప్ఫై ఎనిమిది. పాసుకి ముప్ఫై ఐదు కావాలి.

ముప్ఫై ఎనిమిదిలోంచి నాలుగు తీస్తే ముప్ఫై నాలుగు. నేనా లెక్క అక్కడే చేసి పిన్నికి చెప్పాను. ఆమె నా భుజం పట్టుకుని నొక్కింది. నిజానికి ఆ నాలుగూ ఆ లెక్కకే వేశారని రుజువేమీ లేదు. బిట్ పేపర్లో కళ్లు మూసుకుని పెట్టినవి కలిసొచ్చి ఉండొచ్చు. ఆ మాట ఆ రోజు అనకుండా ఆపుకున్నాను. నా జీవితంలో నేను ఆపుకున్న మాటలు తక్కువ, కాబట్టి గుర్తుంది.

ఆదివారం అమ్మ సాక్ష్యం చెప్పింది. అందులో ఎర్రసముద్రం పాయలైంది, చీకటి తొలగింది, వైరి సిగ్గుపడ్డాడు. ఆ వైరి ఎక్స్ అని సంఘంలో నాకూ పిన్నికీ తప్ప ఎవరికీ తెలీదు. ఎక్కడా గేటు ప్రస్తావన రాలేదని నాన్న కొంచెం నొచ్చుకున్నాడు.

తాతయ్య తణుకు స్కూలు నుంచి మార్కుల మెమో తీసుకుని తెలిసినవాళ్లతో పంపించాడు. మేట్రనమ్మగారు మర్నాడే ఒరిజినల్ పట్టుకుని రమ్మన్నారు. నాన్న ఆ మెమోని దీపం ముందు బైబిల్ పట్టుకున్నట్టు రెండు చేతులతో పట్టుకుని చూశాడు. ఇది చెమటకి తడవకూడదు, చెదలు తినకూడదు, పిన్నికి జీవితాంతం ఉండాలి అన్నాడు. ఇలాంటివాటిలో ఆయనకి వర్క్‌షాప్ బుద్ధి. సైకిలేసుకుని జిరాక్స్ షాపుకెళ్లి గట్టి ప్లాస్టిక్‌తో లామినేషన్ చేయించుకొచ్చాడు. మెమో నిగనిగలాడింది. అద్దంలా ముఖం కూడా కనిపించింది.

నర్సింగ్ స్కూల్లో గుమాస్తా దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, ఒరిజినల్ చూశామని వెనకాల స్టాంపు వేశాడు. పిన్ని తీసుకోగానే స్టాంపు ఆమె బొటనవేలి మీదికి వచ్చేసింది. మళ్లీ వేశాడు. ఈసారి నాన్న చొక్కాకి అంటింది. ఆయన ప్లాస్టిక్ చింపబోతే, దాంతోపాటు మెమో పైపొర కూడా లేవడం మొదలుపెట్టింది. పిన్ని ఆ ఆఫీసు గదిలో గోడకీ కిటికీకీ మధ్య తిరగడం మొదలుపెట్టింది. చివరికి మేట్రనమ్మగారు వచ్చి, జిరాక్స్ కాపీ మీద స్టాంపు వేసి ఫైల్లో పెట్టుకోమని చెప్పి, పిన్నిని చేర్చుకున్నారు.

కాబట్టి ఒకటే చెబుతున్నాను. మార్కుల మెమోకి లామినేషన్ చేయించకండి. ప్లాస్టిక్ మీద స్టాంపు ఇంకు ఆరదు.